పడమటి ఎండలో బిళ్ళగన్నేరు

విళంబి నామ సంవత్సరం, వైశాఖ బహుళ పంచమి, గురువారం. సాయంత్రం అయిదు గంటలకు రాజమండ్రిలో మా ఇంటి డాబా మీద జరిగిన సంగతి ఇది. అప్పటికి నేను పుట్టలేదు. ఆ ఇంటి చిన్నకోడలైన మా అమ్మ చెప్పగా విన్నాను.

మా నాయనమ్మ సూరమ్మ, పురాణం చెప్పే భ్రమరాంబ గారి దగ్గర భాగవతం చెప్పించుకునేది. ఎవరు ఏ ధర్మసందేహం అడిగినా భ్రమరాంబ గారు వెంటనే బదులు చెప్పేవారు కారు. ముందు వాళ్ళింటికి వెళ్ళి చూసేవారు. ఆ వారం నాయనమ్మ అడిగింది ఇది: "అమ్మగారూ, ఓర్చుకోగలిగిన మనిషికే పని ఎక్కువ చెప్పడం తప్పంటారా?"

తాతయ్య పక్షవాతం వచ్చి మంచాన పడి ఉన్నారు. ఆయన్ని తిప్పడం, తుడవడం, పక్కబట్టలు ఉతకడం అంతా పెద్దకోడలు వరహాలమ్మే, అంటే మా పెద్దమ్మే, చేసేది. మా అమ్మకు దేవుడి గదిలో పూలు కట్టే పని. "పెద్దదానికి పక్కబట్టలు, చిన్నదానికి పూలదండలు. బాగుంది సూరమ్మా నీ పంపకం" అని పక్కింటావిడ గోడ మీంచి ఒక మాట విసిరింది. ఆ మాట నాయనమ్మకు ముల్లులా గుచ్చుకుంది.

భ్రమరాంబ గారు డాబా ఎక్కేసరికి పడమటి ఎండ కుండీలను కాల్చేస్తోంది. నాయనమ్మ మురిపెంగా చూపించింది.

"ఈ ఎండకు నిలిచేవే ఏరి తెప్పించానండి, కడియం నుంచి. మా చిన్నాడు గులాబీలు పెడదామన్నాడు. వద్దురా నాయనా, అవి కొత్తకోడళ్ళు, పూటకోసారి అలుగుతాయి అన్నాను."

"వీటిలో నీకు ఎక్కువ నమ్మకం దేని మీద?"

"ఈ బిళ్ళగన్నేరండి. దీనికి నీళ్ళు పోసి ఎన్నాళ్ళయిందో నాకే గుర్తులేదు. అడిగే రకం కాదు. చూడండి, ఆకు కనపడకుండా పూసింది."

"కొంచెం పైకి లాగు."

నాయనమ్మ మొదలు పట్టుకుంది. బలం చెయ్యనక్కర్లేకపోయింది. మొక్క ఊరికే చేతిలోకి వచ్చేసింది. అడుగున వేళ్ళు లేవు. పొడి మట్టిలో తెల్లటి పురుగులు ముడుచుకుని ఉన్నాయి. పువ్వు ఒక్కటీ వాడలేదు.

"పొద్దున కూడా పూసిందండి" అంది నాయనమ్మ గొంతు తగ్గించి.

"ఇప్పుడూ పూసే ఉంది."

అంతలో పెద్దమ్మ మజ్జిగ గ్లాసుతో మెట్లెక్కి వచ్చింది. భ్రమరాంబ గారు గ్లాసు తీసుకోలేదు, ఆ చెయ్యి పట్టుకున్నారు. పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

"ఎప్పటినుంచి తల్లీ ఈ జ్వరం?"

"జ్వరం కాదండీ, వేసవి ఉడుకు" అని పెద్దమ్మ నవ్వింది. ఆ నవ్వులోనే దగ్గు తెర వచ్చి, పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తీసేసరికి చెంగు మీద ఎర్రగా మరక. దాని పక్కనే ఉతికినా పోని పాత మరకలు.



మర్నాడు పొద్దున్నే జట్కా పిలిచారు. అప్పటికే పెద్దమ్మ వాకిలి ఊడ్చి, తాతయ్యకు జావ కాచి మూత పెట్టింది. బండి ఎక్కుతూ మా అమ్మతో, "మామగారికి ఎడమవైపు ఒరుసుకుపోయింది. కుడివైపే పడుకోబెట్టు" అంది. ఆ గడపలో ఆమె ఆఖరి మాట అదే. ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు. ఏ లోకంలో ఉన్నా ఆ తల్లి చల్లగా ఉండాలి.

ఆ పొద్దున బండి వెళ్ళాక భ్రమరాంబ గారు మళ్ళీ మా ఇంటికి వచ్చారు. నాయనమ్మా, అమ్మా చెరో పక్క పట్టుకుని తాతయ్యను తిప్పలేక చెమటలు కక్కుతున్నారు. నాయనమ్మ మంచం పట్టె మీద కూలబడింది.

"ఇన్నాళ్ళూ అది ఒక్కతే ఎలా తిప్పిందమ్మగారూ?"

భ్రమరాంబ గారు చెంగు నడుముకు దోపుకుని, తాతయ్య భుజం కింద చెయ్యి వేశారు.

"ఆ మాట నన్నడుగుతావేం, సూరమ్మా" అన్నారు. "పట్టు."