దీమం పిట్ట కూసిన కూత

అనగనగా ఒక కొర్రచేను. ఆ చేను గట్టున బలుసు తుప్పలు. ఆ తుప్పల నిండా కౌజు పిట్టలు. వాటిలో చుక్కి అని ఓ పడుచు కౌజు ఉండేది. దాని గొంతు ఖంగుమనేది. మాటా అంతే, ఎవరికీ లొంగేది కాదు.

కౌజులకు రెండు కూతలు. "కతీత్ర! కతీత్ర!" అంటే "రండర్రా, ఇక్కడ మేతుంది" అని. "ఖిర్ర్! ఖిర్ర్!" అంటే "పారిపోండర్రా, చావొచ్చింది" అని. గుడ్డు పగిలిన పూటే తల్లి ఈ రెండూ నేర్పుతుంది.

ఒకనాటి పొద్దున చేను అవతలి నుంచి "కతీత్ర!" అని వినిపించింది. చుక్కి గునగునా పరుగెత్తింది. తీరా చూస్తే పంజరంలో ఓ ముసలి కౌజు, పంజరం చుట్టూ గుర్రపు వెంట్రుకల ఉచ్చులు! కాలు చిక్కనే చిక్కింది. తుప్ప చాటు నుంచి వేటగాడు దుగ్గన్న వచ్చి, దాన్ని పట్టి ఇంకో పంజరంలో పడేశాడు.

"పిలిచింది నువ్వేనా తాతా?" అని నిలదీసింది చుక్కి.

"నేను దీమాన్ని తల్లీ. తోటి పిట్టల్ని పిలిచి పట్టించే పెంపుడు పిట్టను. నేను పిలుస్తానంతే, ఉచ్చు వేసేది ఆయన," అన్నాడు ముసలి తాత.

"నువ్వు పిలవకపోతే ఉచ్చేం చేస్తుంది? సిగ్గు లేదూ!"

తాత కళ్లు దించుకున్నాడు. "నా గొంతు బొంగురుపోయింది. ఇక నీ వంతు. చూస్తూండు, ముందు ఊరిస్తాడు. తర్వాత ఆశపెడతాడు. అప్పటికీ వినకపోతే ప్రలోభపెడతాడు. ఊరించడం నాలుకను పట్టుకుంటుంది. ఆశపెట్టడం మనసును పట్టుకుంటుంది. ప్రలోభపెట్టడం ఉందే, అది నీలోని మంచినే పట్టుకుని లాగుతుంది. నేను మొదటిదానికే పడిపోయాను."

"నన్ను పడెయ్యమను, చూద్దాం!" అంది చుక్కి.

కోటలో రాజుగారమ్మాయి పెళ్లి. విందుకు బుట్టెడు కౌజులు తెస్తానని దుగ్గన్న గొప్పగా మాటిచ్చేశాడు. రెండు పంజరాలూ భుజాన వేసుకుని ఎక్కడికి వచ్చాడనుకున్నారు? చుక్కి పుట్టిన తుప్పల దగ్గరికే! దాని తల్లీ చెల్లెళ్లూ అక్కడే ఉన్నారు. పంజరం దింపాడు, చుట్టూ ఉచ్చుల తాడు పరిచాడు.

నిన్నటి నుంచీ చుక్కికి గింజ లేదు. దుగ్గన్న గుప్పెడు చెదపురుగులు తెచ్చి ముక్కు ముందు ఆడించాడు. తెల్లగా, లావుగా, బిలబిలలాడుతున్నాయి పాపం. "ఒక్క కూత కూయవే, అన్నీ నీకే," అన్నాడు.

అమ్మ జంతికల డబ్బా చూపించి "స్నానం చేసొస్తే పెడతా" అంటుంది కదా, అదీ ఊరించడమే. కానీ అమ్మ డబ్బా వెనక ఉచ్చు ఉండదు. దుగ్గన్న పిడికిలి వెనక ఉంది.

"ఊరించుకో నాయనా! నోరూరితే ఊరనీ, ఆ నీళ్లే మింగేస్తాను," అని చుక్కి అటు తిరిగి కూర్చుంది.

దుగ్గన్న పురుగుల్ని ముసలి తాత పంజరంలో విసిరేశాడు. తాత ముట్టుకోలేదు. అదెందుకో దుగ్గన్నకు అర్థం కాలేదు.

రెండోసారి పంజరం తలుపు సగం ఎత్తాడు. కొర్రచేని గాలి లోపలికి కొట్టింది. "ఒక్కసారి కూసెయ్యి, వదిలేస్తాను. మీ చేను, మీ తుప్ప, నీ ఇష్టం."

చుక్కి తలుపు వైపు ఒక అడుగు వేసింది. వెళ్లాలని ఉంది, ఎందుకుండదు? తాత వైపు చూసింది.

"నాతోనూ అదే అన్నాడు. ఇంకా అంటూనే ఉన్నాడు," అన్నాడు తాత.

"విన్నావా దుగ్గన్నా? నువ్వు పెట్టిన ఆశ నీ దగ్గరే అట్టేపెట్టుకో!"

దుగ్గన్నకు ఒళ్లు మండింది. అయినా నవ్వు పులుముకుని, పంజరం పక్కన గొంతుక్కూర్చున్నాడు. మాటలో తేనె కలిపాడు.

"సరే, నీకేమీ వద్దు. మీ అమ్మ సంగతేంటి? నువ్వు కూసినా కూయకపోయినా రేపు వలలు తెస్తాను, తుప్పలన్నీ తగలబెడతాను. అదే ఇవాళ నువ్వు పిలిస్తే, మీ అమ్మను ముట్టుకోను. ఒట్టు! మిగతావాళ్లతో నీకేం పని? తల్లిని కాపాడుకోవడం బిడ్డ ధర్మం కాదూ?"

చుక్కి తుప్పల వైపు తిరిగింది. తుప్పలో అమ్మ గోధుమరంగు వీపు కనిపిస్తూనే ఉంది. తాత భయంగా చూశాడు. తాను చెప్పిన మూడోది ఇదే. ధర్మం పేరు చెప్పుకుని వచ్చింది.

"కూస్తాను," అంది చుక్కి.

"అయ్యో తల్లీ!" అన్నాడు తాత.

దుగ్గన్న చేతులు నులుముకున్నాడు. చుక్కి మెడ నిక్కించింది. ఉన్న ఊపిరంతా గొంతులోకి తెచ్చుకుంది.

"ఖిర్ర్! ఖిర్ర్! ఖిర్ర్!"

బలుసు తుప్పలు ఒక్కసారిగా కదిలాయి. తల్లి, చెల్లెళ్లు, ఎరిగిన వాళ్లు, ఎరగని వాళ్లు, అందరూ బర్రుమని ఎగిరి కొండవాలు దాటిపోయారు. ఇక తగలబెట్టినా అక్కడ కాలేది ముళ్లే.

"ఎంత పొగరే నీకు!" అని దుగ్గన్న తాత పంజరం లాగాడు. "నువ్వు కుయ్యరా ముసలోడా! వెనక్కి పిలువు!"

తాత చుక్కిని చూశాడు. ఎన్నేళ్లుగానో మరిచిన కూత అది, వస్తుందో రాదో! బొంగురు గొంతు సవరించుకున్నాడు.

"ఖిర్ర్... ఖిర్ర్!"

వెనకబడ్డ ఒకటి రెండు పిల్లలు కూడా లేచిపోయాయి. దుగ్గన్న కోపం పట్టలేక పంజరాలు రెండూ ఎత్తి నేలకేసి కొట్టాడు. పాత వెదురు కదా, పటపటా విరిగి పిట్టలు రెండూ బయటపడ్డాయి. పట్టుకోబోయి ముందుకు దూకాడు. తన ఉచ్చుల తాడే కాళ్లకు చుట్టుకుని బోర్లా పడ్డాడు. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారని ఊరికే అన్నారా!

తాతకు పరుగు మరిచిపోయిన కాళ్లు. తడబడ్డాడు. "నువ్వు పో తల్లీ, నేను పట్టించినవాణ్ణి," అన్నాడు.

"ఇవాళ పట్టించలేదుగా! నడువు తాతా!" అని చుక్కి వీపున పొడిచి మరీ నడిపించింది. ఇద్దరూ కొర్రచేలో దూరారు. కంకులు కదిలాయి, ఆగాయి.

కాబట్టి పిల్లలూ, ఎరను చూసి పడితే మనమొక్కరమే చిక్కుతాం. ఎరగా మారి పిలిస్తే మనవాళ్లందరినీ చిక్కిస్తాం. ఎవరెంత ఆశపెట్టినా, మీ గొంతును మాత్రం అరువివ్వకండి.