లేనివాడి వాటా

ఒకానొక రాజ్యాన్ని కీర్తికేతు అనే రాజు ఏలేవాడు. ఆయనకు తన తీర్పుల మీద తగని మురిపెం. "నా కొలువులో తగువు పొద్దుగూకేదాకా నిలవదు. నేను కుదిర్చిన రాజీకి ఏడ్చినవాడు లేడు" అని కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకునేవాడు.

ఆ మాట అబద్ధమూ కాదు. ఏటా ఉగాది వెళ్ళిన పదోనాడు, ఆ ఏటి రాబడిలో దేనికెంతో తేల్చే కొలువు జరిగేది. సేనాపతి గండమనాయుడు గుర్రాలు కావాలనేవాడు. మంత్రి తిరుమలయ్య కొత్త సభామండపం కావాలనేవాడు. ఇద్దరూ జుట్టూ జుట్టూ పట్టుకునేదాకా వచ్చేవారు. రాజు కాసేపు మీసం దువ్వి, దిగువపాడు ఏటిగట్టుకు కేటాయించిన సొమ్ము తీసి ఇద్దరికీ సర్దేవాడు. ఇద్దరూ నవ్వుకుంటూ వెళ్ళేవారు. దిగువపాడు వాళ్ళు కొలువులో ఉంటే గదా ఏడవడానికి! అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదే.

అలా వరసగా మూడో ఏడూ గట్టు సొమ్ము వాళ్ళిద్దరికే పోయింది. కొలువులో చమత్కారిగా పేరున్న దొణప్ప దగ్గరికి దిగువపాడు పెద్దకాపు పోలయ్య వచ్చాడు.

"గట్టు నెర్రెలిచ్చింది బాబూ. ఈ వానలకి ఆగదు. తెగిందంటే రెండొందల గడప ఏట్లో కలిసిపోద్ది. రాజుగారి చెవిన వెయ్యండి."

దొణప్ప వేశాడు, ఒకసారి కాదు, రెండుసార్లు. "కుదిరిన రాజీని కదపకూడదోయ్" అని రాజు కొట్టిపారేశాడు. దొణప్పకు ఒళ్ళు మండింది. కానీ రాజుతో వాదిస్తే గట్టూ నిలవదు, తన తలా నిలవదు. నోరు మూసుకుని అదను కోసం చూశాడు.

వైశాఖంలో రాజు వేటకు వెళ్ళాడు. తిరిగి వచ్చేనాడు గుర్రాలూ బళ్ళూ పరివారమూ ముందే సాగిపోయాయి. విడిదిలో రాజుగారి ఏనుగూ, వెంట వచ్చిన మంత్రికీ సేనాపతికీ రెండు పల్లకీలూ మిగిలాయి. బయలుదేరబోతుంటే ఒక పల్లకి బొంగు విరిగింది. ఏటేటా గుర్రాలడిగే సేనాపతి తాను గుర్రమెక్కడం మానేసి పదేళ్ళయింది. దాంతో ఉన్న ఒక్క పల్లకి కోసం మంత్రితో తగువు పడింది.

రాజు లోపల తలంటు పోసుకుంటున్నాడు. ఆ కేకలు భరించలేక అక్కడినుంచే అరిచాడు: "దొణప్పా! అచ్చం నా పద్ధతిలోనే ఆ తగువు తీర్చిపారెయ్. నీ మాటే నా మాట!"

దొణప్ప తీర్చాడు. "పల్లకి మంత్రిగారికి. ఏనుగు సేనాపతిగారికి."

మరి ప్రభువులు దేనిమీద వస్తారని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. అడిగితే దక్కింది పోతుందేమోనని గబగబా ఎక్కి వెళ్ళిపోయారు.

రాజు పట్టుబట్టలు కట్టి, తలపాగా సర్దుకుంటూ వచ్చాడు. ముంగిట్లో దొణప్ప ఒక్కడే ఉన్నాడు.

"నా ఏనుగేదిరా?"

"సేనాపతిగారికిచ్చాను ప్రభూ. పల్లకి మంత్రిగారికి. ఇద్దరూ నవ్వుకుంటూ వెళ్ళారు."

"మరి నేనో?"

"తగువు తీర్చేటప్పుడు తమరిక్కడ లేరు గదా ప్రభూ! తమ పద్ధతిలో లేనివాడి వాటాయే పంచాలి. దిగువపాడు వాళ్ళూ మూడేళ్ళుగా కొలువులో లేరు."

రాజు కళ్ళెర్రజేశాడు. విసవిసా నడక మొదలుపెట్టాడు. దొణప్ప వెనకే నడిచాడు. కోసెడు దూరం పోయేసరికి అరికాళ్ళు బొబ్బలెక్కాయి. దారిపక్క చింతచెట్టు కింద కూలబడ్డాడు.

"అయితే ఆ ఇద్దరూ నవ్వాలంటే ఎవడో ఒకడు నడవాలన్నమాట" అన్నాడు రాజు, కాలు ఒత్తుకుంటూ. "గట్టు సొమ్ము రేపే పంపిస్తాను. నీకేం కావాలో కోరుకో."

"వచ్చే ఏడు ఆ కొలువులో పోలయ్యకొక పీట వేయించండి ప్రభూ."

"వాడెదురుగా కూర్చుంటే రాజీ ఎలా కుదురుతుందోయ్?"

"కుదరదు ప్రభూ. గట్టు నిలుస్తుంది."

రాజు పకపకా నవ్వాడు. మెడలోని ముత్యాల హారం తీసి దొణప్ప మెడలో వేశాడు. "పీట వేయిస్తాలే. ముందు నీ భుజం ఇటియ్యి, లేవలేకపోతున్నాను" అన్నాడు.