యజమానే దూరలేని ప్లాట్‌ఫాం

అనకాపల్లిలో గవర్రాజు, సింహాద్రి అని ఇద్దరు అన్నదమ్ములు. వాళ్ళంత తెలివైనవాళ్ళు జిల్లాలోనే లేరని ఊరంతా అనేది. ఊరంతా అంటే వాళ్ళిద్దరే. ఆ తెలివి వృథా కాకూడదని సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టారు. పనే రాలేదు.

"ఈసారి కూడా పని దొరక్కపోతే వచ్చి నా బెల్లం కొట్లో కూర్చో, అల్లుడూ" అని గవర్రాజు మామగారు కన్నబాబు తేల్చి చెప్పేశాడు. గవర్రాజుకి బెల్లం ఇష్టమే. ఈగలంటేనే భయం.

అంతలో పాల డెయిరీ నడిపే సత్యవతమ్మ గారు పిలిచారు. "బాబూ, మా డెయిరీలో పాల లెక్కలు చూసే ప్రోగ్రాము ఒకచోట పెట్టి నలుగురూ కలిసి పనిచేసుకోవాలి. దానికి ఇంటర్నెట్‌లో రెండు కంపెనీల ప్లాట్‌ఫాంలు ఉన్నాయి. దేంట్లో భద్రత ఎక్కువో పోల్చి చెప్పండి. సరిగ్గా తేలిస్తే పనంతా మీకే. జాగ్రత్త, మా ప్రోగ్రాముకి ఇంకో కాపీ లేదు."

ఇంకేముంది, పోలికలో పక్షపాతం ఉండకూడదని ప్రోగ్రాముని సగం ఇందులో, సగం అందులో పెట్టారు.

మొదటిదాంట్లోంచి బయటికొచ్చి మళ్ళీ దూరబోతే, గవర్రాజు ఫోనుకి ఒక నంబరు వచ్చింది. 'ఇది ఎవరికీ చెప్పకండి' అని కిందే రాసుంది. కంప్యూటరేమో ఆ నంబరు కొట్టమంటోంది.

"కొట్టేయ్ అన్నయ్యా!"

"ఎవరికీ అన్నాక, అడిగినవాడికి మాత్రం చెబుతామట్రా?"

గడువు దాటిపోయింది. ఇంకో నంబరొచ్చింది. దాన్నీ దాచేశాడు. అంతే, ఖాతాకి తాళం పడింది. "చూశావా, సొంతదారుడికే దిక్కులేదు. ఇక దొంగ గతేంటి!" అని గవర్రాజు మురిసిపోయాడు.

రెండోదాంట్లో, 'ఎవరి పనికి ఎంత అవసరమో అంతే అనుమతి ఇవ్వండి' అని ఉంది.

"నువ్వేం పని చేస్తావురా?"

"నువ్వు చెప్పింది."

"వినడానికి చెవులు చాలు" అని తమ్ముడి అనుమతి పీకేశాడు.

"మరి నువ్వేం చేస్తావన్నయ్యా?"

"నీకు చెబుతాను."

"దానికి నోరు చాలుగా!"

నిజమే కదా అని గవర్రాజు తనదీ పీకేసుకున్నాడు.

సత్యవతమ్మ గారు వచ్చారు. "ఏది గట్టిది బాబూ?"

"రెండూ రెండేనమ్మా! మేమే దూరలేకపోతున్నాం."

"మరి నా ప్రోగ్రాము?"

"లోపల భద్రంగా ఉంది."

"అక్కడ రైతులు పాల క్యాన్లతో బారులు తీరారయ్యా! ముందు దాన్ని బయటికి తియ్యండి. పని సంగతి తర్వాత!"

గవర్రాజుకి చెవుల్లో ఈగలు ముసిరాయి. గబగబా రెండో కంపెనీకి ఫోన్ చేశాడు.

"ఖాతాదారు గవర్రాజు గారేనా మాట్లాడేది?" అన్నారు అవతల.

ఫోన్లో అడిగినవాళ్ళకి వివరాలు చెప్పకూడదని అతనికి ఠక్కున గుర్తొచ్చింది. "కాదండీ. ఆయనెవరో కూడా నాకు తెలీదు."

అంతే, ఎవడో దొంగ దూరబోతున్నాడని వాళ్ళు ఖాతా శాశ్వతంగా మూసేశారు.

"తేలిపోయిందమ్మా, ఇదే గట్టిది!" అని గవర్రాజు గంతేశాడు. "నన్నే పట్టేశారు!"

మర్నాడు అతను బెల్లం కొట్లో ఉన్నాడు. "తలుపేసుకో, ఎవరినీ రానివ్వకు" అని చెప్పి టీకి వెళ్ళిన మామగారు తిరిగొచ్చి తలుపు కొట్టాడు.

"మీరు మావయ్యేనని నమ్మకమేంటి? మీ ఫోనుకి ఒక నంబరు పంపాను, చెప్పండి."

"నా ఫోను లోపల నీ పక్కనే ఉంది కదరా! చూసి నువ్వే చెప్పు!"

గవర్రాజు ఫోను మీద గోనెసంచి కప్పేసి, దానిమీద కూర్చున్నాడు.

"అమ్మో! ఆ నంబరు ఎవరికైనా చెబుతారా మావయ్యా?"