బాగున్నామని చెప్పిన దాలమ్మ

అనగా అనగా, మీరూ నేనూ పుట్టకముందు, సముద్రం ఒడ్డున గవ్వలరేవు అని ఒక ఊరు. ఆ ఊరివాళ్లు మహా మర్యాదస్తులు. ఎంత కష్టంలో ఉన్నా సరే, ఎవరైనా "బాగున్నారా?" అని అడిగితే చాలు, "బాగున్నాం, మీ దయ" అనేవాళ్లు. పిచ్చి జనం! ఆ మర్యాదే వాళ్ల కొంప ఎలా ముంచిందో చెబుతాను, కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి.

ఆ రేవులో దాలమ్మ అని చాపలల్లుకుని బతికే ఒక ఇల్లాలు. మొగుడు ఏనాడో పోయాడు. ఉన్నది ఒక్క కూతురు, పోలమ్మ. ఉన్నది ఒక్క ఇల్లు, తాటాకు కప్పిన చుట్టిల్లు.

ఆ ఇంటి మీద దాలమ్మకి బెంగ లేదు. ఎందుకంటే ఊరి వర్తకుడు అచ్యుతశెట్టి అందరికీ భరోసా ఇచ్చాడు. "పంట పంటకీ నా గాదెలో కుంచెడు ధాన్యం పొయ్యండి. తుఫాను మీ ఇల్లు పడగొట్టిందా, నేను నిలబెడతాను" అన్నాడు. ఊరంతా పోసింది. దాలమ్మ చాపలమ్మి తెచ్చుకున్న గింజల్లోంచి ముందు శెట్టి కుంచెడు తీసి పక్కన పెట్టి, మిగిలింది వండుకునేది. మిగలని ఏడాది తల్లీకూతుళ్లు పస్తులున్నారు గానీ శెట్టి వాటా ఎగ్గొట్టలేదు.

పోలమ్మకి పెళ్లై అత్తారింటికి వెళ్లాక, ఒక కార్తీకమాసంలో పురిటికి పుట్టింటికి వచ్చింది. ఆ వెనకాలే తుఫానూ వచ్చింది. ఏం తుఫానమ్మా అది! ఒకపక్క గాలి, ఒకపక్క పొంగిన సముద్రం. కప్పు పోయింది, గోడ కూలింది. తల్లీకూతుళ్లు ఒకర్నొకరు పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, ఎలాగో ప్రాణాలతో మిగిలారు. కళ్లు తెరిచేసరికి ఇంట్లో తిరగలి తప్ప ఏమీ లేదు.

"ఏడవకు తల్లీ, శెట్టిగారున్నారు. నీకు నొప్పులొచ్చేలోగా కప్పు వేయించేస్తారు" అంది దాలమ్మ.

శెట్టి దగ్గర్నుంచి కబురొచ్చింది. నష్టం ఎంతో చూసి మదింపు వెయ్యడానికి గుమస్తా వస్తున్నాడట.

అప్పుడు దాలమ్మ ఏం చేసిందో తెలుసా? పెద్దింటి మనిషి మొదటిసారి గడప తొక్కుతున్నాడని వాకిలి ఊడ్చి, పేడతో అలికి, ముగ్గేసింది. కూలిన గోడకి చీర అడ్డం కట్టింది. పొరుగువాళ్ల చాపలు అడిగి తెచ్చి, నాలుగు గెడలు పాతి, ఆయన కూర్చునే చోట పందిరిలా కప్పింది. నులకమంచం ఎరువు తెచ్చింది. అప్పు తెచ్చిన గుప్పెడు బియ్యం వండి, చేపల పులుసు పెట్టింది.

గుమస్తా వచ్చాడు. కడుపునిండా తిన్నాడు. తల పైకెత్తి చూడలేదు. చూస్తే శెట్టికి ఖర్చు కదా! చెయ్యి కడుక్కుంటూ, "ఏం దాలమ్మా, బాగున్నారా?" అన్నాడు.

"బాగున్నాం బాబూ, మీ దయ" అంది దాలమ్మ.

మర్నాడు చాటింపు పడింది. దాలమ్మ ఇంటికి నష్టమేమీ లేదట! వాకిట్లో ముగ్గుందట, పొయ్యి మీద పులుసుందట, బాగున్నామని ఆవిడే చెప్పిందట.

పోలమ్మ నెత్తి కొట్టుకుంది. "కప్పు లేదని ఒక్క మాట అనలేకపోయావా అమ్మా?"

"అన్నం తింటున్న మనిషి ముందు ఏడుపు ఎలా ఏడవనే?" అంది దాలమ్మ, బిక్కమొహం వేసుకుని.

సరే, ఈసారి తనే శెట్టి మేడకి వెళ్లింది. శెట్టి అరుగు మీద కూర్చుని తాంబూలం నములుతున్నాడు. దాలమ్మని చూసి, "రా రా, బాగున్నావా?" అన్నాడు.

"బాగున్నానండీ" అనేసింది దాలమ్మ. నాలుక కరుచుకుంది. అలవాటైన నోరు, ఏం చేస్తుంది పాపం! ఆ తర్వాత కాళ్ల మీద పడి అంతా చెప్పింది. కప్పు లేదంది, గోడ లేదంది, కూతురికి నెలలు నిండాయంది.

శెట్టి చిరునవ్వు నవ్వాడు. "అయ్యో పాపం. అవునుగానీ, ఇల్లు పడగొట్టింది గాలా, నీళ్లా? నా భరోసా గాలికే. సముద్రానికి నేను జవాబుదారీ కాదు."

"ఏది ముందొచ్చిందో నాకు తెలీదు బాబూ. పిల్లని పట్టుకుని కళ్లు మూసుకున్నాను."

పక్కనున్నవాళ్లు "గాలేనని చెప్పవే" అని సైగ చేశారు. దాలమ్మ చూడనిది చూశానని అనలేకపోయింది.

"అయితే తెలుసుకుని రా" అన్నాడు శెట్టి. వాడి మొహం మండ, ఎవర్నడిగి తెలుసుకోమన్నాడో!

దాలమ్మ ఇంటికి తిరిగొచ్చేసరికి వాన పట్టుకుంది. పోలమ్మకి నొప్పులూ పట్టుకున్నాయి. చాపల పందిరి కారిపోతోంది. దాలమ్మ కూతురి మీద తను వంగి, తన వీపునే కప్పు చేసింది. వీపెంత, వానెంత! బిడ్డ పుట్టింది. చలికి నీలుక్కుపోయింది. ఒక్కసారి సన్నగా ఏడ్చింది, అంతే. తెల్లచీర ముక్కలో చుట్టి ఇసకలో దాచిపెట్టి వచ్చారు. ఆ తర్వాత దాలమ్మ వాకిలి ఊడవలేదు, ముగ్గు పెట్టలేదు.

కొన్నాళ్లకి రాజుగారు తుఫాను పడ్డ ఊళ్లు చూడటానికి వచ్చారు. శెట్టి ముందుగానే అందర్నీ బారులు తీర్చి నిలబెట్టాడు. రాజుగారు గుర్రం ఆపి, "ఏమర్రా, అందరూ బాగున్నారా?" అన్నారు.

"బాగున్నాం ప్రభూ!" అంది ఊరంతా. వాళ్లలో ఒక్కడికీ నెత్తిమీద కప్పు లేదు.

"బాగోలేం ప్రభూ" అంది ఒక గొంతు.

జనం నిర్ఘాంతపోయారు. దాలమ్మ ముందుకొచ్చింది. కుంచాల సంగతి చెప్పింది, పులుసు సంగతి చెప్పింది, బిడ్డ సంగతీ చెప్పింది. 

శెట్టి అడ్డొచ్చాడు. "ప్రభూ, కూల్చింది గాలో నీళ్లో ఆమెకే తెలీదు!"

"నా ధాన్యం తీసుకున్నప్పుడు ఇది గాలికా నీళ్లకా అని శెట్టిగారు ఒక్కనాడూ అడగలేదు ప్రభూ" అంది దాలమ్మ.

అప్పుడు ఊరివాళ్లకి నోరు పెగిలింది. "మా ఇంటికీ గుమస్తా వచ్చాడు." "మేమూ బాగున్నామనే చెప్పాం." ఒకళ్ల తర్వాత ఒకళ్లు ఏడుపందుకున్నారు. రాజుగారు శెట్టి గాదెలు తెరిపించి, ఆ ధాన్యం పనివాళ్లకి కూలిగా కొలిపించి, ఊరు ఊరంతటికీ ఇళ్లు కట్టించమని శెట్టికే పురమాయించారు.

దాలమ్మ ఇల్లూ లేచింది. గట్టి గోడలు, కొత్త తాటాకు కప్పు. వడ్రంగులు ఏ ఇంటికైనా పెట్టినట్టే దూలానికి ఉయ్యాల కొక్కెం కూడా దిగ్గొట్టారు.

పని పూర్తయిందని చూపించుకోవడానికి అచ్యుతశెట్టే స్వయంగా వచ్చాడు. నట్టింట్లో నిలబడి, "ఇంకేం దాలమ్మా! ఇప్పుడు బాగున్నావా?" అన్నాడు.

పోలమ్మ గోడవైపు తిరిగి పడుకునుంది. దాలమ్మ ఆ ఖాళీ కొక్కెం వంక చూసింది.

"లేను శెట్టిగారూ" అంది.

శెట్టి తలొంచుకుని వెళ్లిపోయాడు. అందుకే పిల్లలూ, కష్టమొచ్చినప్పుడు బాగున్నామని దాచుకోకండి. ఒకరికి మాటిచ్చినవాళ్లయితే అదను దాటకముందే నిలబెట్టుకోండి, దాటాక ఎంత చేసినా పోయింది తిరిగి రాదు.