పురిటిగదిలో ఎవరి మాట

ఒకానొక రాజ్యంలో ప్రతాపకేసరి అనే రాజుకు బిరుదులంటే మహా ఇష్టం. గుమ్మం దగ్గర ద్వారపాలకుడు వాటిని పూర్తిగా చదివేదాకా సభలో అడుగు పెట్టేవాడు కాడు.

ఆస్థాన వైద్యుడు సోమయాజికి మంత్రసానులంటే గిట్టదు. ఒకరోజు రాజుతో, “మంత్రం రాని ఆడదానికి మంత్రసాని అని పేరేమిటి ప్రభూ? ఇకమీదట రాజభాషలో ‘వైద్యుని దాసి’ అనాలి. దాసి అడగనిదే మాట్లాడకూడదు, ఆజ్ఞ లేనిదే చెయ్యి వెయ్యకూడదు” అన్నాడు. రాజు సరేనని శాసనం వేయించాడు.

ఊళ్ళో సగంమందికి బొడ్డు కోసిన మంత్రసాని సింగమ్మ వచ్చి మొరపెట్టుకుంది.

“పిలుపు మారితే నీ చేతులు మారతాయా? వెళ్ళు” అని రాజు నవ్వేశాడు.

కొన్నాళ్ళకు సాలెవాళ్ళ వీధిలో చిట్టెమ్మ అనే పిల్లకు నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగింది. సింగమ్మ సరిచేయబోతే అత్తగారు చెయ్యి పట్టుకుంది. “ఇప్పుడు నువ్వు దాసివటగా. ముట్టుకుంటే రేపు మా మెడకు చుట్టుకుంటుంది. వైద్యుడి ఆజ్ఞ రానీ.”

వైద్యుడు భోంచేసి పడుకున్నాడు. ఆజ్ఞ వచ్చేసరికి తల్లీ లేదు, బిడ్డా లేదు.

సింగమ్మ నేరుగా ఆస్థాన విదూషకుడు చెన్నయ ఇంటికి వెళ్ళి అరుగు మీద కూర్చుంది. ఏడవలేదు. “ఆ పిల్ల నాకు చేతగాక పోలేదు బాబూ. నా మాట చెల్లక పోయింది” అంది.

చెన్నయకు ఒళ్ళు మండింది. మర్నాడు ద్వారపాలకుణ్ణి పక్కకు పంపి తానే గుమ్మంలో నిలబడ్డాడు. రాజు రాగానే, “సింహాసనం కాపలామనిషి వస్తున్నాడు” అని కేకవేశాడు.

సభలో ఒక్కరూ తల తిప్పలేదు. సేనాపతి తాంబూలం నములుతూ కాళ్ళు చాపుకునే ఉన్నాడు. సోమయాజి పక్కవాడితో కబుర్లాడుతున్నాడు. బిరుదుల మాటే మరిచి రాజు కోపంగా నడిచొచ్చి సభ మధ్యలో నిలబడితే గానీ ఎవరికీ తెలియలేదు.

“వీడి తల తీయండి” అని అరిచాడు రాజు.

“తీయించండి. కిరీటం అదే, మీసం అదే, కత్తీ అదే. మారింది పిలుపే కదా ప్రభూ, మరి ఎవరూ ఎందుకు లేవలేదు?”

 రాజు పకపకా నవ్వి, “నా మాటతోనే నన్ను కట్టేశావురా” అంటూ మెడలో హారం తీశాడు.

చెన్నయ చెయ్యి చాపలేదు. “నవ్వకండి. మీకు పోయింది ఒక్కపూట మర్యాద. సాలెవాళ్ళ వీధిలో రెండు ప్రాణాలు పోయాయి” అని జరిగిందంతా చెప్పాడు.

రాజు నవ్వు ఆగిపోయింది. అప్పటికప్పుడు శాసనం రద్దు చేసి సింగమ్మను పిలిపించాడు. “నీ పేరు నీకిచ్చేశాను. ఇంకేం కావాలి?”

“పురిటిగదిలో నా మాట చెల్లాలి.”

“చెల్లుతుంది. సోమయాజీ, ఇకమీదట ఈమె పిలిచేదాకా నువ్వు గుమ్మం బయటే ఉండు.”

సోమయాజి తల వంచుకున్నాడు. సింగమ్మ అతని వంక చూడలేదు, రాజు చేతిలోని హారం వంకా చూడలేదు.

“కుమ్మరి వీధిలో ఒక పిల్లకు నొప్పులొస్తున్నాయి” అని, ఎవరి సెలవూ అడక్కుండా సభలోంచి నడిచి వెళ్ళిపోయింది.