పొట్టేలు సారు శాంతిభద్రతలు

కాలవ గట్టు పక్కనున్న ఆ పశువుల దొడ్డిలో తెల్లారితే గొడవలే. నా కుడితి నువ్వు తాగావంటే, నా నీడలో నువ్వు పడుకున్నావని. బాతులు బాతులతో, మేకలు దూడలతో, కోళ్లు అందరితోనూ. గొడవంటే మాత్రం ఏమంత గొడవ? కాసేపు నోరు చేసుకునేవాళ్లు, నాలుగు ఈకలు రాల్చుకునేవాళ్లు, ఆకలేసేసరికి మర్చిపోయేవాళ్లు. ఇన్ని ప్రాణాలు ఒక్కచోట బతికేటప్పుడు ఆ మాత్రం ఉండదా?

అప్పట్లో కాపలాకి ఓ ముసలి కుక్క ఉండేది. గొంతులు మరీ లేస్తే పడుకున్న చోటి నుంచే ఒక్కసారి 'భౌ' మనేది. అంతటితో సరి. పాపం దానికి చెవుడొచ్చింది. అదను చూసుకుని పట్టపగలే ఓ నక్క దొడ్లో దూరింది. అప్పుడు పొట్టేలు కొండల్రావు నాలుగడుగులు వెనక్కేసి, తల వంచి, ఉరికొచ్చి ఒక్క కుమ్ము కుమ్మాడు చూడండి, నక్క కంచె మీదుగా ఎగిరి కాలవలో పడి, కుంటుకుంటూ పోయి మళ్లీ ఇటు తిరిగి చూడలేదు. దొడ్డంతా జేజేలు కొట్టింది. ఆ రోజే కొండల్రావు మెడలో గంట కట్టి కాపలా అప్పగించారు. అందరికంటే గట్టిగా జేజేలు కొట్టింది కోడిపెట్ట కోటమ్మే.

కష్టం అక్కడే మొదలైంది. కొండల్రావుకి వచ్చిన విద్య ఒక్కటే. నాలుగడుగులు వెనక్కి, తల కిందికి, ఆపైన కుమ్ము. నక్కయినా అదే, బాతయినా అదే.

ఓ రోజు రెండు బాతులు కుడితి తొట్టి దగ్గర నేను ముందంటే నేను ముందని వాదులాడుకున్నాయి. గంట గణగణలాడింది. బాతులు చెరో దిక్కుకీ ఎగిరిపడ్డాయి, తొట్టి బోర్లా పడింది, సాయంత్రం దాకా దొడ్డంతా గొంతెండి కూర్చుంది. కొండల్రావు కొమ్ములకంటిన కుడితి దులుపుకుని, "పరిస్థితి అదుపులోకి వచ్చింది" అన్నాడు. ఇంకో రోజు మేక సూరమ్మ, దూడ కలిసి ఒకే గడ్డిపరకని చెరోవైపూ లాగారు. సూరమ్మ ఇప్పటికీ కుంటుతోంది. ఆ రోజూ పరిస్థితి అదుపులోకే వచ్చింది.

ఇక దొడ్లో ఎవరూ నోరెత్తడం మానేశారు. తన గడ్డి ఎవరైనా తినేసినా మింగి ఊరుకోవడమే. గొంతు లేస్తే గంట వినపడుతుంది కదా! ఆ నిశ్శబ్దాన్ని చూసి కొండల్రావు తన పాలన భేషుగ్గా ఉందని మురిసిపోయాడు.

అలాంటి రోజుల్లో కోటమ్మ పొదుగుడికి కూర్చుంది. పోయినసారి పెట్టిన గుడ్లన్నీ పాము మింగేసింది. అందుకే ఈసారి గడ్డివామి మూలన, పాత గంపలో, మూడు వైపులా చాటుండే చోట చేరింది. సరిగ్గా తినకుండా, కాలు చాచకుండా కూర్చుని కూర్చుని సగమైపోయింది. ఆ పొద్దున గుడ్లలోంచి టక్ టక్‌మని చప్పుడు వినిపించేసరికి దాని ప్రాణం లేచొచ్చింది. ఈ రోజో రేపో పిల్లలు.

సరిగ్గా అప్పుడే గిన్నెకోడి చుక్కాలు గంప పక్కకొచ్చి గొయ్యి తవ్వుకుని మట్టిస్నానం మొదలెట్టింది. రెక్క విదిలిస్తే చాలు, దుమ్మంతా కోటమ్మ మొహాన.

"చుక్కాలూ, కాస్త అవతలికి జరగవే. గుడ్ల మీద పడుతోంది."

"నీడ ఇక్కడే ఉంది వదినా. నీడేమైనా నువ్వు పొదిగి తెచ్చావా?"

"నీడ నీదేనమ్మా, దుమ్ము మాత్రం నాకెందుకు?"

"అబ్బో, గుడ్లు నువ్వొక్కదానివే పెట్టినట్టు!"

"నోరు తగ్గించవే, గంట మోగుతుంది!"

గిన్నెకోడి గొంతుకి తగ్గడం తెలిస్తే ఇంకేం! చుక్కాలు అరుపు కాలవ అవతలికి వినపడింది. గంట మోగనే మోగింది.

చుక్కాలు గభాలున గడ్డివామి ఎక్కేసింది. కోటమ్మ ఎక్కడికి పోతుంది? రెక్కలు ఇంకాస్త విప్పి గుడ్లని కప్పుకుంది.

"ఎవర్రా అక్కడ గొడవ?" అంటూ దిగాడు కొండల్రావు.

"గొడవేం లేదు సారు. అది దుమ్ము పోసింది, నేను జరగమన్నాను. అంతే."

"గొడవ లేకపోతే నేనెందుకొచ్చాను?"

"అదే నాకూ తెలీటం లేదు సారు."

"ఎదురు మాట్లాడుతున్నావా? లే, గంప దిగు."

"దిగలేను సారు. గుడ్లు చిట్లే వేళ. కావాలంటే చెవొగ్గి వినండి, లోపల ముక్కులు ఆడిస్తున్నారు."

"కొమ్ములకి చెవులుండవు. రెండోది పైకెక్కేసింది. నువ్వు దొరికావు. దొరికినవాళ్లే దోషులు." అంటూ కొండల్రావు వెనకడుగు వేశాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

కోటమ్మ గుడ్ల వైపు చూసుకుంది. తనంటే పర్లేదు, బాతుల్లా ఎగిరిపడి బతుకుతుంది. గుడ్లు? ఆ తల ఈ గంపకి తగిలితే ఒక్క పెంకు మిగలదు. ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. ఆ కోపంలోనే కొండల్రావు వెనక కాళ్ల వైపు చూసింది. ఆ కాళ్లకి బాగా వెనగ్గా పెంటగుంట ఉంది. దొడ్లో పేడ, చెత్త అంతా పోసేది అందులోనే. పైన ఎండి చెక్కు కట్టి, గడ్డి పరుచుకుని మామూలు నేలలాగే కనపడుతుంది. కోటమ్మ రోజూ దాని మీద పురుగులు ఏరుకున్నదే. కోడి బరువుకి ఏం కాదు. పొట్టేలు బరువు సంగతి వేరు. పైగా వెనక్కి నడిచేటప్పుడు కొండల్రావు కొట్టాల్సిన దాన్నే చూస్తాడు గానీ, అడుగు పడే చోటు చూడడు.

"సారు, నాలుగడుగులేనా?" అంది కోటమ్మ.

వంచిన తల ఆగిపోయింది. "ఏం?"

"బాతులకి నాలుగడుగులు. సూరమ్మకి నాలుగడుగులు. మీరు పిలిస్తే గంప దిగనన్నదాన్ని, నాకూ నాలుగేనా? కొండల్రావు సారుకి పెద్ద నేరానికీ చిన్న నేరానికీ తేడా తెలీదని రేపు నలుగురూ అనుకోరా?"

"తెలీదని ఎవడన్నాడు?"

"నేననను సారు. అనేవాళ్లుంటారు."

కొండల్రావు కాసేపు ఆలోచించాడు. ఆలోచించడం అలవాటు లేని తల కదా, బరువెక్కింది. ఇంకో నాలుగడుగులు వెనక్కేశాడు.

గడ్డివామి మీంచి చుక్కాలు అరిచింది. "నన్ను పొడిచింది కూడా సారూ!"

కోటమ్మకి మనసు చివుక్కుమంది. ఇంత కష్టంలో ఉంటే ఇంకా చాడీలా? తలెత్తి చూసింది. చుక్కాలు తనని చూడటం లేదు. దాని చూపు పెంటగుంట మీదుంది. ఆ క్షణంలో కోటమ్మకి గిన్నెకోడి మీద పుట్టిన ప్రేమ అంతా ఇంతా కాదు.

"పొడిచాను సారు. రెండుసార్లు!" అని ఒప్పేసుకుంది.

కొండల్రావు ఇంకాస్త వెనక్కి జరిగాడు. అప్పటికి దొడ్డంతా మెల్లగా పోగైంది. మొదట గేదె సీతాలత్తకి సంగతి అర్థమైంది. "నా చెవిలో కొక్కొక్కోమని నిద్ర పాడుచేసిందయ్యా" అంది నెమరు ఆపకుండానే. "నా కుంటికాలు చూసి నవ్వింది సారు" అంది సూరమ్మ. "నన్ను పొట్టికాళ్లదానా అంది" అని ఒక బాతు. "నన్నూ" అని ఇంకోటి. ఒక్కో నేరానికీ కొండల్రావు రెండడుగులు, మూడడుగులు వెనక్కేస్తూనే ఉన్నాడు. మొహం వెలిగిపోతోంది.

"ఇంత పెద్ద నేరస్థురాలు నా సర్వీసులో తగల్లేదు!" అన్నాడు. అని అక్కడే ఆగాడు. "చాలు. ఇక్కణ్ణుంచి వస్తే గంపే కాదు, గడ్డివామి కూడా లేస్తుంది." తల వంచాడు.

గుంట ఇంకా ఒక్క అడుగు దూరంలో ఉంది. చెప్పడానికి ఎవరి దగ్గరా నేరాలు మిగల్లేదు. కోటమ్మ పొట్ట కింద ఓ పెంకు చిట్లింది. తడి తడి ముక్కొకటి ఈకల్లోకి దూరింది.

"సారు!" అంది కోటమ్మ. "అసలు నేరం ఇంకా చెప్పలేదు. కొండల్రావు ముసలాడైపోయాడు, ఇప్పుడా కుమ్ముకి కప్ప కూడా కదలదని దొడ్లో అందరికీ చెప్పింది నేనే."

బాతుల్ని తిట్టినా, గేదె నిద్ర చెడగొట్టినా కొండల్రావుకి నిజానికి పట్టింది లేదు. తనని అంటే మాత్రం అంతకు మించిన నేరం ఈ లోకంలో లేదు. కళ్లెర్రబడ్డాయి, ముక్కుపుటాలు అదిరాయి. "నన్నా?" అని ఒక్క గెంతు వెనక్కి గెంతాడు.

చెక్కు ఫెళ్లున విరిగింది. వెనక కాళ్లు, పొట్ట, ముందు కాళ్లు, గంట, అన్నీ వరసగా పెంటలోకి దిగిపోయాయి. పైన కొమ్ములూ, వాటి మధ్య నోరు తెరుచుకున్న మొహం మాత్రం మిగిలాయి.

కొండల్రావు బలమంతా ఉపయోగించి తన్నుకున్నాడు. తన్నిన కొద్దీ దిగాడు. గడ్డం దాకా వచ్చింది.

"కదలకండి సారు," అంది కోటమ్మ గంపలోంచి. "పరిస్థితి అదుపులోనే ఉందా?"

దొడ్డి ఘొల్లుమంది. నోరు విప్పి నవ్వి ఎన్నాళ్లయిందో ఏమో, బాతులు నేల మీద పడి దొర్లాయి. దూడ గంతులేసింది. సీతాలత్తకి నెమరు గొంతుకి అడ్డం పడింది.

"రెండ్రోజులు అందులోనే నాననియ్యండి," అంది సూరమ్మ కుంటికాలు చూపిస్తూ. "ఎరువైనా బాగుంటుంది."

"వద్దొదినా," అంది కోటమ్మ. "చేసినదానికి ఈ మునక సరిపోయింది. చచ్చేదాకా ఉంచితే మనకీ అతనికీ తేడా ఏముంది?"

కొండల్రావు గడ్డం పైకెత్తి అన్నాడు. "నక్కని తరిమింది నేనే కదా. ఆ మాత్రం మర్యాద లేదా నాకు?"

"ఉంది కాబట్టే తీస్తున్నామయ్యా," అంది కోటమ్మ. 'సారు' అనే పిలుపు ఎప్పుడు పోయిందో ఎవరూ గమనించలేదు. "నక్కొస్తే నువ్వు ఎంత దూరం వెనక్కెళ్తావో వెళ్లు, మేమే దారిస్తాం. బాతు బాతుని తిట్టుకుంటే నీకెందుకు ఆ పరుగు? నీ కొమ్ములు చూసి ధైర్యంగా పడుకుందామనుకున్నాం. నిన్ను చూస్తేనే వణకాల్సొచ్చింది. ఇక మీదట మా దగ్గరికొస్తే ముందు కూర్చో. రెండు వైపులా అడుగు. ఒప్పుకుంటావా?"

కొండల్రావు తల ఊపబోయి, ఊపితే ఎక్కడ నోట్లోకి పోతుందోనని ఆగి, "ఒప్పుకుంటా" అన్నాడు.

సీతాలత్త గుంట అంచున నిలబడి, తన వంకీ కొమ్ముని అతని కొమ్ములో తగిలించి, నిదానంగా లాగింది. ఓ కుదుపు లేదు, అరుపు లేదు. పైకొచ్చిన కొండల్రావు ఎవరి మొహమూ చూడకుండా కాలవకి వెళ్లాడు. ఎంత మునిగినా వాసన మాత్రం వారం దాకా పోలేదు.

చుక్కాలు గడ్డివామి దిగి, "వదినా, అవతల పక్క తవ్వుకుంటాలే" అంది. "నేను కూడా నెమ్మదిగా చెప్పాల్సింది" అంది కోటమ్మ. తగువు అయిపోయింది. సాయంత్రానికి గంపలో పిల్లలు కిచకిచమంటుంటే, వాటికి దుమ్ములో దొర్లడం నేర్పేది తనేనని చుక్కాలు ఇప్పట్నుంచే హక్కు రాసుకుంది.

నాలుగు రోజులకి బాతులు మళ్లీ తొట్టి దగ్గర నేను ముందంటే నేను ముందని అందుకున్నాయి. గంట గణగణలాడింది. కొండల్రావు ఉరికొచ్చాడు, అలవాటు కొద్దీ ఒక్క అడుగు వెనక్కేశాడు. దొడ్డంతా అతని వెనక కాళ్ల వైపు చూసింది. కొండల్రావు గబుక్కున కూలబడ్డాడు.

"ఏమైందమ్మా?" అన్నాడు.

అతని నోట ఆ మాట విని బాతులు రెండూ నిర్ఘాంతపోయాయి. ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. ఎంత ఆలోచించినా, ఏమైందో రెండింటికీ గుర్తు రాలేదు.

నీతి: కాపలాకి కొమ్ములున్నవాడు కావాల్సిందే, కానీ ఇంట్లో తగువుకి కొమ్ము కంటే ముందు అతని చెవి కదలాలి.