మంగళవారం నిలబడ్డ రోకళ్ళు

అనగా అనగా, కాలువ గట్టున ఒక ఊరు. ఆ ఊరికో కోట, కోటలో ఒక రాజు. ఆయన సంగతి తర్వాత చూద్దాం, ముందు మనక్కావలసింది ఆ ఊరి కోడలు పేరిందేవి. ఏ వస్తువు కనబడినా విప్పి చూడందే ఆ పిల్లకి అన్నం సయించదు. బావి గిలక విప్పింది, బండి ఇరుసు విప్పింది, అత్తగారి పెట్టె తాళం కూడా విప్పింది. మళ్ళీ బిగించేదర్రా, ముందుకంటే బాగా తిరిగేవి. పెరట్లో పాక సగం ఆవుది, సగం ఈవిడ సామానుది. అత్త వెంకాయమ్మ పొద్దున లేచింది మొదలు సణుగుడే, ఈ గిలకలేమిటీ ఈ మేకులేమిటీ, పొయ్యి మీద పప్పు మాడుతోంటే అని. ఊ కొడుతున్నారా? చంటీ, దుప్పటి లాక్కోకు.

పేరిందేవికి తోలుబొమ్మలాటంటే ప్రాణం. అందరికంటే ముందెళ్ళి తెర ఎదురుగా చాప వేసుకునేది. వేసుకుని ఊరుకుంటుందా? వీరుడు ఒక్క బాణం వేస్తే అది నూరు బాణాలయ్యేది కదా, మిగతావాటికి ఇనుము ఏ కమ్మరి ఇచ్చాడు అనేది. దయ్యం బొమ్మొస్తే, పాదాలు వెనక్కి తిరిగుంటే పాపం గడప తట్టుకుని పడదూ, దాన్ని చూసి భయపడ్డమేమిటి, చెయ్యిచ్చి లేవదీయాలి గానీ అనేది. పక్కవాళ్ళు నోర్ముయ్యమనేవారు. ఆటంటే ఇష్టం గనకే అడుగుతున్నాను, లేకపోతే ఇంట్లో పడుకోనా అని తిరగబడేది.

ఇలా ఉండగా సూర్యగ్రహణం వచ్చింది. గ్రహణమప్పుడు పళ్ళెంలో పసుపునీళ్ళు పోసి, వడ్లు దంచే రోకలి నిలబెడతారు చూడండి. ఆ ఊళ్ళో ఆ పని రాజుగారిదే, కోటలో ఆయన రోకలి నిలబడింది. అది తమ వంశం మాట విని నిలబడుతుందని తాతలనాటి నుంచీ చెప్పుకుంటున్నారు వాళ్ళు. జనం దండాలు పెట్టారు. పేరిందేవి ఓ మూలనుంచి, దీనికి గ్రహణమెందుకూ, వంశమెందుకూ, అడుగు చదునుగా ఉంటే ఏ రోజైనా నిలబడుతుంది అంది. మెల్లిగానే అందిలే. ఆ మాట గుంపు దాటింది, గుంపు దాటి గుమ్మం దాటింది, గుమ్మం దాటి మెట్లెక్కింది, మెట్లెక్కి రాజుగారి చెవిలో పడింది.

రాజుకి ఒళ్ళు మండిపోయింది. మర్నాడు మంగళవారం, ఊరందర్నీ కోటకి పిలిపించాడు. తప్పయిందని చెంపలేసుకో, లేదా ఇవాళే ఈ రోకలి నిలబెట్టి చూపించు, పడిందా, నీ సామానంతా కాలువలోకి, నువ్వు పుట్టింటికి, మళ్ళీ ఈ ఊరి పొలిమేర తొక్కడానికి వీల్లేదు అన్నాడు. మొగుడు పాపం, చెంపలేసుకోవే అని దూరంనుంచి సైగలు. పేరిందేవి మాత్రం తల వంచలేదు.

"నేను చూసింది చెప్పాను. చెంపలెందుకేసుకుంటాను?" అంది.

తీరా చూస్తే రాజు మనుషులు రాత్రికి రాత్రే ఆ రోకలి అడుగునున్న ఇనప కట్టు ఊడదీసి, కొయ్యని గుండ్రంగా చెక్కేశారు. అటు నిలబెడితే ఇటు పడింది, ఇటు నిలబెడితే అటు పడింది. అడుగు చెక్కేశారు మొర్రో అంటే వినేదెవరు? జనం ఒకటే నవ్వు. భటులు అప్పుడే పాకలో సామాను బండికెత్తడానికి బయల్దేరారు. పేరిందేవికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వింటున్నారా, నిద్రపోయారా?

అంతలో గుంపు తోసుకుంటూ అత్త వెంకాయమ్మ వచ్చింది. భుజమ్మీద ఇంటి రోకలి. రొప్పుతూ వచ్చి, వాకిలి మధ్య దాన్ని దింపి, రెండు చేతులా పట్టుకుని, ఊపిరి బిగబట్టి వదిలేసింది. నిలబడిందర్రా.

"కాపరానికొచ్చిన కొత్తలో వడ్లు దంచి ఓ పూట దీన్నిలాగే నిలబెట్టాను. నాకేదో పట్టిందంటారని ఇన్నేళ్ళూ నోరు మెదపలేదు. నా కోడలు మెదిపింది. దాన్ని పంపితే నన్నూ పంపండి," అంది.

ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. నీదీ నిలబడిందా అంటే నీదీనా అనుకున్నారు. రోజూ దంచే చేతులు కదూ, ప్రతివాళ్ళూ ఎప్పుడో ఒకప్పుడు నిలబెట్టినవాళ్ళే, మాయింట్లోనే ఇలాగేమో అని భయపడి దాచుకున్నవాళ్ళే. ఇంకేముంది, ఇళ్ళకి పరుగు. కుమ్మరింటి రోకలొచ్చింది, కమ్మరింటి రోకలొచ్చింది, కరణంగారింటి రోకలొచ్చింది, వాకిలంతా రోకళ్ళే. పైన సూర్యుడు నిండుగా వెలుగుతున్నాడు. ఆఖర్న రాణిగారు కూడా వంటింటి రోకలి మోసుకొచ్చి, రాజు మొహం చూడకుండా వరసలో నిలబెట్టింది.

వీళ్ళందర్నీ పంపేస్తే కోటలో అన్నం ఎవరు వండుతారు? రాజుకి సిగ్గేసింది, ఆ వెంటనే నవ్వూ వచ్చింది. బండి వెనక్కి తిప్పించి, ఎక్కడి సామాను అక్కడ పెట్టించాడు. తనూ చతికిలబడి ఓ రోకలి నిలబెట్టడానికి చూశాడు, పడేశాడు, మళ్ళీ మొదలెట్టాడు. పేరిందేవి ఎలా పట్టుకోవాలో చూపించింది. అందరూ సుఖంగా ఉన్నారు. అత్త సణుగుడు మానిందా అంటే, మానలేదు. పాకలోకొచ్చి గిలకలు పట్టుకుని సణిగేది.

కాబట్టి, కళ్ళతో చూసింది నోటితో చెప్పడానికి రాజుగారి సెలవక్కర్లేదు. కథ కంచి దారి పట్టింది, మీరిక కునుకు దారి పట్టండి. ఏంటీ, మన రోకలి నిలబడుతుందా అంటావా? నన్నడిగితే ఎలాగే? పొద్దున్నే లేచి నువ్వే నిలబెట్టి చూడు.